నీళ్లోసుకున్న కబురు చెప్పిన డాక్టరు

నెల తప్పితే ఇప్పుడు మందుల షాపులో ఒక పట్టీ కొనుక్కొచ్చి, నాలుగు చుక్కలు వేసి అయిదు నిమిషాల్లో తేల్చేసుకుంటున్నాం. మా అమ్మమ్మల కాలంలో అలాక్కాదు. వేవిళ్లు మొదలవ్వాలి, మూడో నెల దాటాలి, మంత్రసాని చెయ్యి వేసి చూడాలి. నీళ్లోసుకుందా లేదా అన్నది అప్పటిదాకా అనుమానమే. ఆ అనుమానాన్ని తీర్చే దారి చూపించిన డాక్టర్ బెర్న్‌హార్డ్ జోండెక్ జీవితం చదివాక మీతో పంచుకోవాలనిపించింది.

ఆయన 1891లో వ్రొంకె అనే ఊళ్లో యూదుల ఇంట పుట్టారు. ఆ ఊరు అప్పట్లో జర్మనీలోది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. బెర్లిన్‌లో చదివి స్త్రీల వైద్యులయ్యారు. అందరూ అసహ్యంగా పారబోసే మూత్రంలోనే ఆడవాళ్ల ఒంటి లెక్కంతా ఉందని ఆయన పట్టుకున్నారు. 1927లో సెల్మార్ ఆష్‌హైమ్ అనే మరో డాక్టరుతో కలిసి, గర్భవతుల మూత్రంలో ఒక హార్మోను విపరీతంగా ఉంటుందని కనిపెట్టారు.

దాంతోనే పరీక్ష తయారైంది. ఈడుకు రాని ఆడ చిట్టెలుకలకు ఆ మూత్రాన్ని ఇంజెక్షన్లుగా ఇచ్చేవారు. నాలుగైదు రోజులయ్యాక కోసి చూస్తే, గర్భం ఉన్న మనిషిదైతే ఎలుకల అండాశయాలు ఉబ్బి, ఎర్రటి చుక్కలు కనిపించేవి. పాపం, మనకొక కబురు తెలియడానికి వాటి ప్రాణాలు పోయేవి! ఎలుకలు ఈడుకు రానివే ఎందుకంటే, ఆ వయసులో వాటి అండాశయాలు ఇంకా నిద్రలోనే ఉంటాయి. మార్పు కనిపించిందంటే అది బయటి హార్మోను వల్లే. ఆ హార్మోను పిట్యుటరీ గ్రంథి నుంచి వస్తుందని జోండెక్ అనుకున్నారు. అది మాయ నుంచి వస్తుందని తర్వాత తేలింది.

1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే, యూదుడన్న ఒక్క కారణంతో ఆయన్ని బెర్లిన్ ఆస్పత్రి ఉద్యోగంలోంచి తీసేశారు. స్వీడన్ వెళ్లి, అక్కణ్ణుంచి 1934లో జెరూసలేం చేరారు. ఆష్‌హైమ్ కూడా తర్వాత దేశం వదిలి పారిస్ వెళ్లిపోయారు. లక్షల మంది ఆడవాళ్లకు పనికొచ్చే పని చేసినవాళ్లకు సొంత గడ్డ మీద చోటు లేకపోయింది చూడండి!

అయినా జోండెక్ పని ఆపలేదు. చూడి గుర్రం మూత్రంలో ఈస్ట్రోజెన్ ఎక్కువని అంతకుముందే చూశారు. 1934లో మగ గుర్రం మూత్రంలో అంతకన్నా ఎక్కువుందని ప్రకటించారు. ఆడ హార్మోను అని పేరు పెట్టుకున్నది మగవాళ్ల ఒంట్లోనూ కొద్దిగా ఉంటుంది. ఇక వయసు సంగతి. చిన్నపిల్లల్లో ఈ హార్మోన్లు బహు తక్కువ. ఈడొచ్చాక నెలనెలా పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ పడిపోతుంది. అప్పుడు అండాశయాల్ని తట్టిలేపే పిట్యుటరీ హార్మోన్లు చాలా పెరిగి మూత్రంలోకి వస్తాయి. జవాబు రావడం లేదని మరీ గట్టిగా తలుపు కొట్టినట్టన్నమాట.

జోండెక్ 1961 దాకా జెరూసలేంలో ప్రొఫెసరుగా పనిచేసి, 1966లో కన్నుమూశారు. ఆయన బతికుండగానే, ముట్లుడిగిన ఆడవాళ్ల మూత్రం నుంచి తీసిన హార్మోన్లతో ఇజ్రాయెల్‌లో పిల్లల్లేని తల్లులకు వైద్యం చేశారు. వాళ్లకు పిల్లలు పుట్టారు.

నాకూ నలభై దగ్గర పడుతున్నాయి. ముట్లుడిగిన ఆడదాని ఒంట్లో ఇంకేముంది అని ఎవరైనా తీసిపారేసినట్టు మాట్లాడితే, ఆ పిల్లలే గుర్తొస్తారు.