పెరుగులో ఆయుష్షును వెతికిన మెచ్నికోవ్

చివర్లో కాస్త పెరుగన్నం కలుపుకోకపోతే మనకు భోజనం చేసినట్టే ఉండదు. అదే పెరుగు వందేళ్ల కిందట ప్యారిస్ మందుల షాపుల్లో మాత్రలుగా, పొడులుగా అమ్ముడుపోయిందంటే నమ్ముతారా? అది తింటే ముసలితనం దూరమవుతుందని జనం ఎగబడ్డారు. ఆ సందడికి మూలం ఇల్యా మెచ్నికోవ్. ఇవాళ మీ డాక్టరు యాంటీబయాటిక్‌తో పాటు ప్రోబయాటిక్ క్యాప్సూల్ రాస్తున్నారంటే, ఆ ఆలోచన మొదలైంది ఆయన దగ్గరే.

ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ దగ్గర 1845లో పుట్టారాయన. నాలుగేళ్ల డిగ్రీ చదువును రెండేళ్లలో పూర్తిచేసిన చురుకైనవాడు. కానీ ఇంట్లో మాత్రం చావు నీడ వదల్లేదు. 1869లో లుద్మిలాను పెళ్లి చేసుకునేనాటికే ఆమెకు క్షయ. చర్చిలోకి నడిచే ఓపిక లేక కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లారు. నాలుగేళ్లు ఊరూరా తిప్పి వైద్యం చేయించినా దక్కలేదు. రెండో భార్య ఓల్గాకు టైఫాయిడ్ వచ్చి ప్రాణం మీదకు తెచ్చింది. ఆయనకా, కళ్లూ గుండే రెండూ బలహీనమే. ఆ రోజుల్లో రెండుసార్లు ప్రాణం తీసుకోబోయి బతికి బయటపడ్డారు. తర్వాత్తర్వాత ఆయుష్షు గురించి అంతగా ఎందుకు తపించారో ఇక్కడే అర్థమవుతుంది.

1882లో ఇటలీలోని సిసిలీ దీవి, మెసీనా పట్టణం. ఇంట్లోవాళ్లంతా సర్కస్‌కు వెళ్లారు. ఒంటరిగా మిగిలిన మెచ్నికోవ్ మైక్రోస్కోపు కింద నక్షత్రచేప పిల్లను చూస్తున్నారు. గాజులా పారదర్శకంగా ఉండే ఆ జీవి ఒంట్లో కొన్ని కణాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ముల్లు గుచ్చితే ఇవి ఏం చేస్తాయి? తోటలోంచి ముల్లు తెచ్చి గుచ్చారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుంపుకట్టి ఉన్నాయి. మన వేలికి ముల్లు దిగితే చీము పడుతుందే, అదీ ఇలాంటి పనే. క్రిములను మింగేసే ఈ భక్షక కణాలను కనిపెట్టినందుకే 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. చాలామంది అనుకుంటున్నట్టు అది పెరుగుకు వచ్చిన నోబెల్ కాదు.

1888లో ప్యారిస్ వెళ్లాక లూయీ పాశ్చర్ తన సంస్థలో ఆయనకు చోటిచ్చారు. అక్కడ వయసు మీదపడుతున్నకొద్దీ మెచ్నికోవ్ మనసు ముసలితనం మీదకు మళ్లింది. పెద్దపేగులో కుళ్లు పుట్టించే బ్యాక్టీరియా విషాలు వదులుతుందని, అవే ఒంటిని ముసలిదాన్ని చేస్తాయని నమ్మారు. పాలు తోడుకుంటే పులుస్తాయే గానీ కుళ్లవు కదా! ఆ పులుపు పుట్టించే బ్యాక్టీరియాను పేగుల్లోకి పంపితే కుళ్లును ఆపుతుందన్నది ఆయన వాదన. బల్గేరియా పల్లెల్లో పెరుగు తినేవాళ్లలో వందేళ్లవాళ్లు ఎక్కువని విని ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. తనూ రోజూ పులిసిన పాలు తాగడం మొదలుపెట్టారు. జెనీవాలో చదువుకుంటున్న బల్గేరియా యువకుడు స్టామెన్ గ్రిగొరోవ్ 1905లో తమ దేశపు పెరుగులోంచి ఆ బ్యాక్టీరియాను వేరుచేసి చూపించాడు. ఇంకేముంది, వ్యాపారం ఊపందుకుంది.

ఇక్కడ మీరు ఒక్క ప్రశ్న వేసుకోండి. వందేళ్లు బతికినవాళ్లు పెరుగు తిన్నారు, సరే. పెరుగు తిన్నవాళ్లంతా వందేళ్లు బతికారా? మెచ్నికోవ్ అంతటివాడు ఈ లెక్క సరిగ్గా చూసుకోలేదు. పైగా బల్గేరియా బ్యాక్టీరియా మన పేగుల్లో కాపురం పెట్టదని 1920ల్లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ ప్రయోగాల్లో తేలిపోయింది.

అలాగని అంతా కొట్టిపారేయాల్సింది కాదు. మంచి బ్యాక్టీరియాతో పేగులకు మేలు చేయవచ్చన్న అసలు ఆలోచన నిలబడింది. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవాళ్లలో చాలామందికి పెరుగు పడుతుంది. పాలలోని లాక్టోజ్ అరగడానికి అందులోని బ్యాక్టీరియా సాయపడుతుంది మరి. యాంటీబయాటిక్స్ వల్ల పట్టుకునే విరేచనాలను కొన్ని రకాల ప్రోబయాటిక్స్ తగ్గించగలవు. అయితే అన్నీ అన్నిటికీ పనిచేయవు. ఒక జబ్బుకు పనికొచ్చిన రకం ఇంకో జబ్బుకు దండగ కావచ్చు. అందుకే డబ్బా మీద కోట్ల సంఖ్య చూసి మురిసిపోకండి, ఏ రకమో డాక్టర్నడగండి. పిల్లలకు విరేచనాలైతే ముందు పట్టాల్సింది ఓఆర్ఎస్. క్యాప్సూల్ దానికి బదులు కాదు. కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు వీటిని సొంతంగా అసలు మొదలుపెట్టకూడదు. అరుదుగానైనా ఆ బ్యాక్టీరియా రక్తంలోకి చేరే ప్రమాదముంది.

మరి ఇంటి పెరుగు? అందులోనూ బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది. కాకపోతే ఏ రకం, ఎంత అన్నది తోడును బట్టి ఇంటింటికీ మారుతుంది కాబట్టి మందులా లెక్కకట్టలేం. మజ్జిగపులుసు పెట్టి మరిగిస్తే అవి చచ్చిపోతాయి. రుచి మాత్రం ఎక్కడికీ పోదు.

వందేళ్లు పైబడి బతకడం మనిషికి సాధ్యమేనన్న మెచ్నికోవ్ 71 ఏళ్లకే, 1916 జూలైలో గుండెజబ్బుతో కన్నుమూశారు. ఆయన సిద్ధాంతం మీద నవ్వేవాళ్లు అప్పుడూ నవ్వారు. ఆయన మాత్రం ఆఖరి ఘడియల్లో కూడా పక్కనున్న మిత్రుడు డాక్టర్ సాలింబెనీని ఒక్కటే కోరారు: తను పోయాక శవపరీక్ష చేసి, పేగులను జాగ్రత్తగా చూడమని. ఆయన చితాభస్మం ఇప్పటికీ ప్యారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో, పుస్తకాల మధ్య ఉంది.