తుపాకీ పట్టని సైనికుడు డెస్మండ్ డాస్

పరభాషా ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలకు పదిమందిలో ఒక్కరుగా ఉండటం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. హాస్టల్లోనో, ఉద్యోగంలోనో, సైన్యంలోనో చేరిన పిల్లలు చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారని ఇంట్లో నేర్చుకున్న ప్రార్థననో, నియమాన్నో మెల్లగా వదిలేయడం మనం చూస్తూనే ఉన్నాం. అందుకే ఈసారి అమెరికా సైనికుడు డెస్మండ్ డాస్ జీవితాన్ని మన పాఠకుల ముందు ఉంచుతున్నాం.

డాస్ 1919 ఫిబ్రవరి 7న వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో పుట్టారు. తండ్రి వడ్రంగి. తల్లి బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఆమె పిల్లల్ని సెవెంత్ డే అడ్వెంటిస్టు విశ్వాసంలో పెంచారు. ఈ సంఘం వారికి శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకే దాకా విశ్రాంతి దినం. వాళ్ల ఇంటి గోడకు పది ఆజ్ఞల పటం ఉండేది. నరహత్య కూడదన్న ఆరవ ఆజ్ఞ దగ్గర కయీను తన తమ్ముడు హేబెలును చంపిన బొమ్మ ఉండేది. తోడబుట్టినవాణ్ణి ఎలా చంపగలిగాడా అని చిన్ననాటి డాస్ ఆ బొమ్మ చూసి బాధపడేవారట.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి ఆయన న్యూపోర్ట్ న్యూస్‌లో ఓడలు కట్టే చోట పనిచేస్తున్నారు. ఆ పని చూపించి సైన్యం నుంచి మినహాయింపు పొందే వీలున్నా పొందలేదు. 1942 ఏప్రిల్ 1న సైన్యంలో చేరారు. దేశానికి సేవ చేస్తాను గానీ ఆయుధం ముట్టనన్నారు. గాయపడినవారికి చికిత్స చేసే పని కోరుకున్నారు. తీరా ఆయన్ను వేసింది 77వ డివిజన్‌లోని కాల్బలం కంపెనీలో.

అక్కడ మొదలయ్యాయి కష్టాలు. రాత్రి మంచం పక్కన మోకరించి ప్రార్థిస్తుంటే తోటివాళ్లు బూట్లు విసిరేవారు. యుద్ధరంగంలో దొరికితే తానే కాల్చేస్తానని ఒకడు బెదిరించాడు. తాము పనిచేసే శనివారం ఈయనకు సెలవు ఏమిటని గొణిగేవారు. పిరికితనానికి భక్తి ముసుగు అనుకునేవారు. కెప్టెన్ జాక్ గ్లోవర్ ఆయన్ను తన కంపెనీ నుంచి పంపించేయాలని చూశారు. మతిస్థిమితం లేదన్న పేరుతో సైన్యం నుంచి తప్పించే ప్రయత్నమూ జరిగింది. ఆ కాగితం పుచ్చుకుంటే బాధ తీరి ఇంటికి పోవచ్చు. కానీ అలా చేస్తే తన విశ్వాసమే పిచ్చి అని ఒప్పుకున్నట్టవుతుందని డాస్ నిరాకరించారు.

ఆయన ఎవరితోనూ తగవు పెట్టుకోలేదు. శనివారం చేయని పనికి బదులు ఆదివారం చేసేవారు. తనను వెక్కిరించిన వాళ్లకే కవాతులో కాళ్లు బొబ్బలెక్కితే కట్లు కట్టేవారు. ఎండదెబ్బకు పడిపోయిన వారికి తన సీసాలో నీళ్లు పోసేవారు.

1944లో గువామ్‌లోనూ, ఫిలిప్పీన్స్‌లోని లేటే దీవిలోనూ తూటాల మధ్యకు వెళ్లి క్షతగాత్రులను మోసుకొచ్చారు. తర్వాత ఒకినావా. అక్కడ మయెదా కొండ సుమారు 400 అడుగుల ఎత్తు, దాని కొస నిటారు గోడ. 1945 మే 5 శనివారం. తన విశ్రాంతి దినమే అయినా, యేసు ఆ దినాన రోగులను బాగుచేశాడు కదా అని డాస్ కొండెక్కారు. జపాన్ సేనల ఎదురుదాడికి మిగతావాళ్లు కిందికి దిగిపోయారు. గాయపడినవారు పైనే ఉండిపోయారు, వారితో డాస్ కూడా. శిక్షణలో నేర్చుకున్న రెండు ఉచ్చుల ముడి వేసి, ఒక్కొక్కరినీ తాడుతో కిందికి దించారు. ఒకరిని దించాక, ఇంకొక్కరిని కాపాడే బలం ఇమ్మని ప్రార్థించేవారు. అధికారులు వంద మంది అన్నారు. ఆయన యాభైకి మించరన్నారు. చివరికి 75 అని రికార్డుకెక్కింది.

మే 21న గ్రెనేడ్ పేలి ఆయన కాళ్లకు గాయాలయ్యాయి. మోసుకుపోతుంటే దారిలో తనకంటే ప్రమాదంలో ఉన్నవాణ్ణి చూసి స్ట్రెచర్ దిగి దాన్ని అతనికిచ్చారు. ఆ తర్వాత తూటా తగిలి చెయ్యి విరిగితే, తుపాకీ మడమను దానికి బద్దలా కట్టుకుని 300 గజాలు పాకుతూ వెళ్లారు. ఆయన తుపాకీని వాడుకున్నది ఆ ఒక్క పనికే. ఆ గందరగోళంలో ఆయన బైబిల్ పోయింది. కంపెనీవాళ్లు యుద్ధరంగంలో వెదికి దాన్ని పట్టి ఆయనకు పంపారు. ఒకప్పుడు ఆ కంపెనీలోనే ఆయన మీద బూట్లు పడ్డాయి.

1945 అక్టోబర్ 12న అధ్యక్షుడు ట్రూమన్ వైట్ హౌస్‌లో ఆయనకు మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. ఆయుధం పట్టననే నియమంతో ఆ పతకం పొందినవారిలో మొదటివాడు ఆయనే. కానీ యుద్ధం ఆయన ఒంటిని వదల్లేదు. క్షయతో ఒక ఊపిరితిత్తి, అయిదు పక్కటెముకలు పోయాయి. ఏళ్లకేళ్లు ఆసుపత్రుల్లో గడిచాయి. 1976లో వినికిడి పోయింది. 2006 మార్చి 23న కన్నుమూశారు. చటనూగాలోని జాతీయ సైనిక శ్మశానంలో ఆయన సమాధి ఉంది. డాస్ తన ప్రాణం కూడా కాపాడారని కెప్టెన్ గ్లోవర్ తర్వాతి కాలంలో తానే చెప్పుకున్నారు.

మా సంఘంలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఎవరి విశ్వాసం వారిది. నలుగురి కోసం నియమం వదులుకోవద్దని పిల్లలకు చెప్పడం తేలికే. నియమం పేరు చెప్పి పని ఎగ్గొట్టవద్దని, నవ్వినవాడికైనా కష్టంలో చెయ్యి అందించాలని కూడా చెప్పాలి. డాస్ మాటలతో ఎవరినీ ఒప్పించలేదు. బొబ్బలకు కట్టు కట్టిన రోజు నుంచే వాళ్ల మనసు మారడం మొదలైందని మేము అనుకుంటాం.