రఘుపతి వేంకటరత్నం నాయుడు

రఘుపతి వేంకటరత్నం నాయుడు (1862 అక్టోబర్ 1 - 1939 మే 26) సుప్రసిద్ధ విద్యావేత్త, సంఘ సంస్కర్త, బ్రహ్మసమాజ నాయకుడు. మచిలీపట్నంలో జన్మించాడు. యౌవనంలోనే భార్య మరణించగా పునర్వివాహం చేసుకొనలేదు. ఆపై జీవితాంతం తెల్లని వస్త్రాలే ధరించాడు.

కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలకు దీర్ఘకాలం ప్రధానాచార్యుడుగా పనిచేశాడు. తన జీతంలో అధికభాగం బీద విద్యార్థుల చదువులకే వెచ్చించేవాడు. ఈ గురువు ఎందరికో తండ్రి అయ్యాడనుట అతిశయోక్తి కాదు. ఆయన ప్రభావంతో, పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దరు ఆర్థిక సహాయంతో కాకినాడలో అనాథ శరణాలయం, హరిజన విద్యార్థుల వసతి గృహం వెలిశాయి. అంటరానితనం బలంగా ఉన్న ఆ రోజుల్లో దిక్కులేని పిల్లలకు అన్నవస్త్రాలతో పాటు చదువు కూడా చెప్పించడం సామాన్య విషయం కాదు.

1924లో సర్ బిరుదు పొందాడు. 1925 నుండి మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా ఉన్నాడు. అయినా ప్రజలు ఆయనను బ్రహ్మర్షి అనియే పిలిచారు.