మల్కిభరాముడు

తెలుగు కవులచే మల్కిభరాముడని పిలువబడిన ఇబ్రహీం కుతుబ్ షా గోలకొండ రాజ్యమును 1550 మొదలు 1580 వరకు ముప్పది సంవత్సరములు పాలించెను. మల్కి యనగా ప్రభువు; ఇబ్రహీం అను పేరే భరాముడైనది. అతని తండ్రి పారసీక దేశమునుండి వచ్చినవాడు. తెలుగు అతని వంశమువారి భాష కాదు. అయినను తెలుగువారు అతని పేరును తమ నాలుకకు తగినట్లు మలచుకొని, తమవాడుగా భావించి ఆదరించిరి. పరదేశపు వంశమున పుట్టిన రాజునకు ఇట్టి ఆదరము ఊరక లభింపదు. అది అతనికి ఎట్లు లభించెనో తెలిసికొనుటకు అతని కష్టకాలమును ముందుగా తెలిసికొనవలెను.

గోలకొండ కథ ఇబ్రహీం కాలముకంటె చాల పాతది. కాకతీయుల కాలమున ఆ గుట్టపై మట్టికోట యుండెనని చెప్పుదురు. గొల్లకొండ అను తెలుగు పేరే గోలకొండగా మారినది. కాకతీయ రాజ్యము కూలిన పిమ్మట ఓరుగల్లును ఏలిన కాపయనాయకుడు 14వ శతాబ్దమున ఈ దుర్గమును బహమనీ సుల్తానునకు ఇచ్చివేయవలసి వచ్చెను. తరువాత బహమనీ రాజ్యము బలహీనపడిన తరుణమున, తెలంగాణమునకు అధికారిగా నున్న సుల్తాన్ కులీ గోలకొండను రాజధానిగా చేసికొని స్వతంత్రుడయ్యెను. అతడే కుతుబ్ షాహీ వంశమునకు మూలపురుషుడు. ఇబ్రహీం అతని కుమారులలో ఒకడు.

1543వ సంవత్సరమున ఆ రాజకుటుంబమున ఘోరమైన సంఘటన జరిగెను. మిక్కిలి వృద్ధుడైన సుల్తాన్ కులీ మసీదులో ప్రార్థన చేయుచుండగా హత్య చేయబడెను. ఆ ఘాతుకమును ప్రేరేపించినవాడు శత్రువు కాడు. అతని కుమారుడగు జంషీదే. జంషీదు అంతటితో ఆగక, యువరాజగు కుతుబుద్దీనును అంధునిగా చేయించి తానే సింహాసన మెక్కెను. ఆ సమయమున ఇబ్రహీం దేవరకొండ దుర్గమున నుండెను. తండ్రికి, సోదరునకు పట్టిన గతియే తనకును పట్టునని అతడు గ్రహించెను. కొలదిమంది అనుచరులతో మొదట బీదరునకు పోయెను. అచట అతనికి రక్షణ కుదురలేదు. తుదకు దక్షిణముగా ప్రయాణము చేసి విజయనగరము చేరెను.

విజయనగరము గోలకొండకు ప్రత్యర్థి రాజ్యము. ఆనాడు అచట సదాశివరాయలు పేరునకు చక్రవర్తి. అధికారమంతయు అళియ రామరాయలది. స్వంత సోదరుని భయమున పారిపోయి వచ్చిన రాకుమారుని పట్టి యిచ్చినచో రామరాయలకు గోలకొండతో మైత్రి సమకూరి యుండెడిది. అతడట్లు చేయలేదు. శరణు వేడిన యువకుని ఆదరించి, అతని పోషణకై జాగీరు నిచ్చి, గౌరవముతో నిలుపుకొనెను. ఇబ్రహీం ఆ యాశ్రయమున ఏడు సంవత్సరములు గడపెను.

తుంగభద్రా తీరమున గడపిన ఆ ఏడేండ్లు ఇబ్రహీంకు విద్యాభ్యాస కాలమయ్యెను. విజయనగర రాజసభలో తెలుగు పద్యమునకు గల గౌరవమును అతడు కన్నులార చూచెను. దండనాయకులు తెలుగు మాటాడుచుండిరి. కవులు తెలుగున కావ్యములు చదువుచుండిరి. విశాలమైన చెరువులు, కాలువలు, బారులు తీరిన అంగళ్లు ఆ నగరమునకు భాగ్యము తెచ్చిపెట్టినవి. రాజు కాదగినవాడు ప్రజల భాషను తెలిసికొనకున్నచో ప్రజల హృదయమును తెలిసికొనలేడని అతనికి బోధపడియుండును. అతడు తెలుగు నేర్చుకొనెను. తెలుగు పద్యము విని ఆనందించుట అభ్యసించెను.

1550వ సంవత్సరారంభమున జంషీదు వ్యాధిగ్రస్తుడై మరణించెను. గోలకొండలోని కొందరు ప్రభువులు అతని కుమారుడగు సుభానును సింహాసనముపై కూర్చుండబెట్టిరి. సుభాను పసిబాలుడు. బొమ్మలతో ఆడుకొనవలసిన వయస్సున ఆ బాలుని తలపై కిరీటము పెట్టిరి; తుదకు ఆ బాలుడే పెద్దల చేతులలో బొమ్మయయ్యెను. ఎవరికి వారు అధికారమునకై పెనుగులాడ జొచ్చిరి. రాజ్యమున భద్రత నశించెను. అప్పుడు రాజ్యక్షేమమును కోరిన ముస్తఫాఖాన్ మొదలగు ప్రముఖులు విజయనగరమునకు లేఖలు వ్రాసి ఇబ్రహీంను ఆహ్వానించిరి.

నేటి వికారాబాదు జిల్లాలోని పెద్దేముల్, తాండూరు ప్రాంతములనుండి దక్షిణముగా పోయినచో, కొడంగల్ దాటిన పిదప కోయిలకొండ అను గిరిదుర్గము కలదు. అది నేడు మహబూబ్‌నగర్ జిల్లాలో నున్నది. విజయనగరమునుండి బయలుదేరిన ఇబ్రహీం ఈ దుర్గమున ఆగెను. కోటలను కాపాడు తెలుగు యోధులకు నాయకవాడులని పేరు. వారు కోయిలకొండలో ఇబ్రహీం పక్షము వహించి, అతనికి విశ్వాసపాత్రులమై యుందుమని ప్రతిజ్ఞ చేసిరి. ఆ ప్రతిజ్ఞను తెలుగు శాసనముగా రాతిపై చెక్కించిరి. ఏడేండ్ల క్రిందట స్వంత కుటుంబముచేత తరుమబడిన యువకునకు పరులైన ఆ యోధులు తెలుగు మాటతో అండనిలిచిరి.

గోలకొండలోని నాయకవాడులును ఇబ్రహీంనకే అనుకూలురైరి. అందుచేత అతడు రాజధానిని ప్రవేశించుటకు దీర్ఘమైన ముట్టడి అవసరము కాలేదు. 1550 జూలై మాసమున ఇబ్రహీం కుతుబ్ షా గోలకొండ సింహాసనమును అధిష్ఠించెను.

రాజైన పిమ్మట అతడు మొదట రాజ్యమున శాంతిని నెలకొల్పెను. దారిదోపిడి గాండ్రను అణచివేయించెను. బాటలు సురక్షితములగుటచే అరబ్బు, పారసీక, తురుష్క దేశముల వర్తకులు గోలకొండకు రాసాగిరి. తాను విజయనగరమున నేర్చిన తెలుగును అతడు మరువలేదు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమను కావ్యమును ఇతనికే అంకితము చేసెను. భారతములోని సూర్యపుత్రిక కథను ఒక ముసల్మాను ప్రభువు తెలుగున వినగోరుట ఆ కాలమునకు వింతయైన సంగతి. ప్రభువును చూచి అధికారులును ఆ మార్గమునే అనుసరించిరి. పటాన్‌చెరువులో నుండిన అమీన్‌ఖాను అను అధికారి పొన్నికంటి తెలగనార్యుని ఆదరించి యయాతిచరిత్రమును అంకితము గొనెను. సంస్కృత పదములు కలియని అచ్చతెలుగున వెలసిన మొదటి కావ్యమదియే.

ఇబ్రహీం పాలనలోనే గోలకొండ అజేయమైన దుర్గమయ్యెను. గుట్టపై కోటతో తృప్తి చెందక, దిగువ నున్న పట్టణమును గూడ చుట్టివచ్చునట్లు రాతితోను సున్నముతోను బలమైన ప్రాకారమును అతడు కట్టించెను. మక్కా దర్వాజాపై గల శాసనము 1559వ సంవత్సరము నాటిది. ఆ వెలుపలి ప్రాకారమునకు 87 బురుజులు, ఎనిమిది ద్వారములు కలవు.

గోలకొండలోని వింతలలో చప్పట్ల ధ్వని యొకటి. గుట్ట అడుగున బాలాహిసార్ ద్వారము కడ కమాను క్రింద నిలిచి చప్పట్లు కొట్టినచో, ఆ ధ్వని సుమారు 120 మీటర్ల ఎత్తున నున్న శిఖరముపై స్పష్టముగా వినబడును. కమాను లోపలి వంపులకు తగిలిన ధ్వని చెదరిపోక పైకి మరలుటయే దీనికి కారణము. కోటను చూడబోయిన బాలబాలికలకు ఇది యొక ఆట. కంప్యూటరు మీట నొక్కి క్షణములో ఖండాంతరములకు వార్త పంపు ఈ కాలమున చప్పట్ల వార్త స్వల్పముగా తోచవచ్చును. కాని ఆనాడు ద్వారము కడకు ఎవరో వచ్చిరని శిఖరము పైవారికి తెలుపుటకు అంతకంటె వేగమైన సాధనము లేదు. క్రింద కావలియున్నవాడు నమ్మదగినవాడైనప్పుడే ఆ సాధనము వలన ప్రయోజనము.

ప్రజలకై అతడు జలాశయములను గూడ నిర్మింపజేసెను. 1562 ప్రాంతమున హుసేన్ షా వలీ పర్యవేక్షణలో హుసేన్ సాగరము వెలసెను. ఇబ్రహీంపట్నము చెరువు అతని పేరును నేటికిని నిలుపుచున్నది. 1578లో మూసీనదిపై రాతివంతెన కట్టబడెను. నేడు పురానాపుల్ అనబడునది అదియే. దాని మూలమున గోలకొండకు నది దక్షిణపు టొడ్డుతో రాకపోకలు సులభమయ్యెను. అనంతరము 1591లో ఆ యొడ్డుననే హైదరాబాదు నగరము వెలసెను.

ఇన్ని మంచి పనులు చేసిన ఇబ్రహీం జీవితమున ఒక కఠినమైన ఘట్టము కలదు. తొలినాళ్లలో అతడు రామరాయలతో స్నేహముగానే యుండి, ఆయన దండయాత్రలలో పాల్గొనెను. కాని రామరాయలు ఒక సుల్తానును మరియొక సుల్తానుపై ప్రయోగించుచు, దక్కను రాజ్యములన్నిటిపై తన ఆధిక్యమును పెంచుకొనుచుండెను. గోలకొండకు గూడ ముప్పు కలుగునని ఇబ్రహీం శంకించెను. అతడు అహమ్మదునగర సుల్తానగు హుసేన్ నిజాం షాతో మైత్రి చేసి, అతని కుమార్తెను వివాహమాడెను. రామరాయలు ఆగ్రహించి గోలకొండ రాజ్యముపైకి సేనలను పంపెను. ఇబ్రహీం సంధి చేసికొని కోయిలకొండ, పానుగల్లు, గణపురము దుర్గములను అప్పగింపవలసి వచ్చెను. తనకు విశ్వాస ప్రతిజ్ఞ జరిగిన కోయిలకొండయే, తనకు ఆశ్రయమిచ్చిన ప్రభువు వశమయ్యెను.

1565 జనవరి మాసమున బిజాపూరు, అహమ్మదునగరము, గోలకొండ, బీదరు సుల్తానులు ఏకమై విజయనగర సైన్యమును ఎదిరించిరి. చరిత్రలో తళ్లికోట యుద్ధమని ప్రసిద్ధమైనది ఇదియే. వృద్ధుడైన రామరాయలు శత్రువులకు చిక్కెను. హుసేన్ నిజాం షా ఆజ్ఞచే అతని శిరస్సు ఖండింపబడెను. ఆ యాజ్ఞ ఇబ్రహీం ఇచ్చినది కాదు. అయినను అతని సేనలును ఆ రణరంగమున నిలిచి యున్నవి. తనకు ఏడేండ్లు అన్నము పెట్టిన నగరము కొల్లగొట్టబడి పాడువడెను. కోయిలకొండ మొదలగు దుర్గములు గోలకొండకు తిరిగి వచ్చినవి.

రాజ్యమును కాపాడుకొనుట రాజధర్మము; మేలు చేసినవానిని మరువకుండుట మానవధర్మము. ఈ రెండింటిలో ఇబ్రహీం మొదటి దానిని ఎన్నుకొనెను. అందువలన గోలకొండ నిలిచెను, విజయనగరము కూలెను. రామరాయలు తన బలమును మితముగా వాడియున్నచో ఈ యుద్ధము రాకపోయెడిదని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. ఆశ్రయ మిచ్చిన చేతిని ఇబ్రహీం విడిచెనను మాటయు కాదనరానిది. మహాపురుషుల చరిత్రలలో మెచ్చుకొనదగినదియు, నొచ్చుకొనదగినదియు కలిసియే యుండును. రెండింటిని చూచి గ్రహించువాడే చరిత్రను చక్కగా చదివినవాడు.

తరువాతి సంవత్సరములలో ఇబ్రహీం రాజ్యము తూర్పున సముద్రతీరము వరకు వ్యాపించెను. రాజమహేంద్రవరము అతని సేనల వశమయ్యెను. తెల్లపొణికి కర్రతో చేయు ఆటబొమ్మలకు పేరొందిన కొండపల్లియు, అచటి ప్రాచీన దుర్గమును గోలకొండ యేలుబడిలో నుండినవి. ఇట్లు తెలుగునేలలో అధికభాగము ఒక ప్రభువు క్రిందికి వచ్చెను. 1580వ సంవత్సరమున ఇబ్రహీం కుతుబ్ షా మరణించెను. గోలకొండ కోటకు ఉత్తరమున గల కుతుబ్ షాహీ సమాధులలో అతని సమాధి కలదు. అతని కుమారుడు మహమ్మద్ కులీ హైదరాబాదు నగర నిర్మాతగా ప్రసిద్ధి చెందెను.

ఇబ్రహీం కట్టించిన ప్రాకారము ఎంత బలమైనదో నూరేండ్ల పిమ్మట లోకమునకు తెలిసెను. 1687లో మొగలు చక్రవర్తి ఔరంగజేబు అపార సైన్యముతో గోలకొండను ఎనిమిది మాసములు ముట్టడించెను. ఫిరంగులు ఆ కోటను సాధింపలేకపోయినవి. తుదకు కోటలోని సేనాని యొకడు ధనమునకు లోబడి, రాత్రివేళ ద్వారమును తెరిపించెను. కడపటి రాజగు తానీషా బందీ యయ్యెను. కుతుబ్ షాహీ రాజ్యము అంతరించెను.

ఒకనాడు నాయకవాడుల విశ్వాసము వలన ఇబ్రహీంనకు తెరువబడిన గోలకొండ ద్వారము, మరియొకనాడు ఒక సేనాని ద్రోహము వలన శత్రువునకు తెరువబడెను. రాళ్లు రెండుమారులును ఒక్కటియే, మనుష్యులే వేరు. 87 బురుజులు కట్టించిన మల్కిభరామునకు నిజమైన కోట కోయిలకొండలో లభించిన తెలుగువారి మాటయే యని అతని జీవితము మనకు తెలుపుచున్నది.