బంగాళాదుంప చెప్పిన గుట్టు

క్షయ, కలరా... ఆ పేర్లు వింటేనే జనం వణికిపోయే రోజులవి. చెడుగాలి సోకితే జబ్బు వస్తుందని చాలామంది డాక్టర్లే నమ్మేవారు. అసలు దోషులను వేరుచేసి చూపించిన జర్మనీ డాక్టరే రాబర్ట్ కోచ్.

1843 డిసెంబరు 11న క్లౌస్తాల్‌లో పుట్టిన కోచ్, చిన్న ఊళ్లో రోగులను చూసుకుంటూనే ఇంట్లో ల్యాబ్ పెట్టుకున్నారు. పశువులను చంపే దొమ్మ రోగానికి కారణమైన బ్యాక్టీరియా గుట్టును 1876లో విప్పారు. అయితే ఓ చిక్కుండేది. మాంసం రసంలో పెంచితే రకరకాల బ్యాక్టీరియా కలగాపులగం అయిపోయేది. ఏ జబ్బుకు ఏది కారణమో తేలేదెలా?

దారి చూపింది ఉడికిన బంగాళాదుంప ముక్క. ల్యాబ్ బల్లపై వదిలేసిన ముక్క మీద రంగురంగుల చుక్కలు లేచాయి. మైక్రోస్కోపులో చూస్తే ఒక్కో చుక్కలో ఒక్కో రకమే! గట్టి పదార్థంపై పడిన బ్యాక్టీరియా కదలకుండా అక్కడే పెరుగుతుందన్నమాట. బంగాళాదుంప అన్నింటికీ పనికిరాదు కాబట్టి కోచ్ జెలటిన్ వాడారు. ఎండాకాలం రాగానే అది కాస్తా కరిగిపోయేది.

ఆ సమస్య తీర్చింది వంటిల్లే. కోచ్ దగ్గర పనిచేసిన వాల్తేర్ హెస్సె భార్య ఫానీ, తాను జెల్లీల్లో వేసే అగర్ వాడి చూడమన్నారు. తమిళనాట కడల్ పాసి, మనకు చైనా గ్రాస్ అంటే అదే. ఒంటి వేడికి కూడా అది కరగదు. 1882లో క్షయ బ్యాక్టీరియాను ప్రకటించిన వ్యాసంలో కోచ్ అగర్‌ను ప్రస్తావించారు. హెస్సె దంపతుల పేరు మాత్రం రాయలేదు.

1884లో కలకత్తాలో కలరా బ్యాక్టీరియాను విడిగా పెంచారు. కలరా సోకిన బస్తీ జనం వాడుకునే చెరువు నీళ్లలోనూ దాన్ని పట్టుకున్నారు. తప్పటడుగూ ఉంది. 1890లో క్షయకు మందంటూ తెచ్చిన ట్యుబర్క్యులిన్ రోగం నయం చేయలేకపోయింది. తర్వాత అది రోగ పరీక్షకు పనికొచ్చింది. 1905లో నోబెల్ అందుకున్న కోచ్ 1910 మే 27న కన్నుమూశారు.

నేటికీ తలుపు గడియ, కుళాయి, ఆసుపత్రి మంచం... దేన్ని దూదిపుల్లతో తుడిచి పరీక్షించినా చేసేది అదే పని. అగర్ మీద గీయడం, లేచిన చుక్కను విడిగా పెంచడం. ఆ గాజు పళ్లేనికి 1887లో దాన్ని వివరించిన కోచ్ సహాయకుడు పెట్రీ పేరు నిలిచింది. అందులో పోసే అగర్‌కు మాత్రం ఫానీ పేరు రాలేదు.