గాలిని కూడా లెక్కలోకి తీసుకున్న త్రాసు

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వినగానే మన కోస్తా జిల్లాల వారి గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. 1977 నవంబరులో దివిసీమను ఊడ్చిపెట్టిన ఉప్పెనను చూసిన వారికి ఆ మాట ఎంత బరువైనదో వేరే చెప్పనక్కర లేదు. అల్పపీడనమంటే మరేమీ కాదు, అక్కడ నేలనూ నీటినీ అదిమి ఉంచే గాలి బరువు చుట్టుపక్కల కంటే తగ్గిందని అర్థం. గాలికి బరువుందా లేదా అని గ్రీకు పండితుల కాలం నుంచీ వాదోపవాదాలు నడిచాయి. ఆ వాదాన్ని త్రాసు దగ్గరకు తెచ్చిన వారిలో 12వ శతాబ్దపు అబ్దుర్రహ్మాన్ అల్ ఖాజినీని మనం తప్పక చెప్పుకోవాలి.

ఆయన రూమీ సంతతికి చెందిన బానిస బాలుడు. నేటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉన్న మర్వ్ నగరంలో ఖజానా అధికారి ఒకరి ఇంట పెరిగాడు. ఖజానా, ఖజాంచీ అనే మాటలు మనకు కొత్తవి కావు. ఆ అధికారిని 'ఖాజిన్' అనేవారు, ఆయన ఇంటివాడు కనుక ఈయన 'ఖాజినీ' అయ్యారు. యజమాని ఆ పిల్లవాణ్ణి ఊడిగానికే పరిమితం చేయకుండా గణితం, తత్వశాస్త్రం చెప్పించాడు. ఆ పెంపకమే లేకపోతే ఈ పేరు మన దాకా వచ్చేది కాదు.

అప్పుడు మర్వ్ సల్జూక్ సుల్తాను సంజర్ రాజధాని. ఖాజినీ అక్కడే నక్షత్రాల గతులు గుణించి సుల్తాను పేరిట ఖగోళ పట్టికలు తయారుచేశారు. పేరు వచ్చింది గానీ జీవితం మారలేదు. దర్బారు నుంచి వేయి దీనార్లు వస్తే ఆయన తిప్పి పంపారని చరిత్రకారుడు బైహఖీ రాశాడు. తన దగ్గర పది దీనార్లున్నాయనీ, ఏడాదికి మూడు చాలుననీ, ఇంట్లో తనతో పాటు ఉన్నది ఒక పిల్లి మాత్రమేననీ ఆయన కబురు పంపారట.

ఇక త్రాసు సంగతి. ఖాజినీకి ముందే అల్ ఇస్‌ఫిజారీ అనే పండితుడు, ఉమర్ ఖయ్యాం సమకాలికుడు, బంగారంలో కల్తీని పట్టేసే త్రాసును ఎన్నో ఏళ్ళు శ్రమించి తయారుచేశాడు. దానితో తన మోసం ఎక్కడ బయటపడుతుందోనన్న భయంతో సుల్తాను ఖజాంచీ ఒకడు దాన్ని విరగ్గొట్టి ముక్కలు పారవేయించాడనీ, ఆ దిగులుతోనే ఇస్‌ఫిజారీ కన్నుమూశాడనీ చెబుతారు. ఆ పనిని తిరిగి ఎత్తుకున్నవారు ఖాజినీ. ఖజానా వారి ఇంట పెరిగిన మనిషే ఖజానా దొంగలు భయపడే త్రాసును మళ్ళీ నిలబెట్టారన్నమాట!

నాలుగు మూరల కాడ, అయిదు పళ్ళేలు ఉన్న త్రాసు అది. వేయి మిస్ఖాళ్ళు, అంటే సుమారు నాలుగున్నర కిలోల బరువు వేసినా ఒక్క గింజ ఎత్తు తేడాను చూపేదని ఆయనే రాశారు. వస్తువును గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి తూచి, తేడాను బట్టి అది మేలిమి బంగారమో కాదో తేల్చేవారు. ఈ వివరాలన్నీ హిజ్రీ 515లో, అంటే క్రీ.శ. 1121-22లో పూర్తిచేసిన 'మీజానుల్ హిక్మా' గ్రంథంలో ఉన్నాయి. దానికి అల్ బైరూనీ లెక్కలు ఎంతో తోడ్పడ్డాయి. అందులోని పట్టికలో పాదరసం నీటి కంటే 13.56 రెట్లు బరువు. నేటి ప్రయోగశాలలు చెప్పే అంకె కూడా దాదాపు ఇంతే.

నీటిలో ముంచిన వస్తువు తేలికవుతుందని ఆర్కిమెడిస్ నాడే తెలుసు. ఖాజినీ మరో అడుగు వేశారు. గాలి కూడా నీటిలాగే వస్తువును పైకి ఎత్తుతుంది. కనుక పలుచటి గాలి నుంచి చిక్కటి గాలిలోకి తెస్తే వస్తువు తూకం తగ్గుతుంది, చిక్కటి గాలి నుంచి పలుచటి గాలిలోకి తీసుకుపోతే పెరుగుతుంది. ఈ తేడా చాలా స్వల్పం. సముద్రమట్టం దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది, అంటే లీటరు నీటిని తూచినప్పుడు గాలి కాజేసేది గ్రాము పైచిలుకే. ఎంత స్వల్పమైనా తూకం తూకమే కదా!

వాయుపీడనాన్ని కనుగొన్నది కూడా ఖాజినీయేనని కొందరు ఉత్సాహం కొద్దీ చెబుతుంటారు. మేము ఆ మాట అనలేము. పీడనాన్ని ఆయన కొలవలేదు. పైగా భూకేంద్రానికి దూరమయ్యే కొద్దీ వస్తువు బరువు పెరుగుతుందని ఆయన అనుకున్నారు, అది సరి కాదని తరువాత తేలింది. ఆయనకు చెందవలసిన గౌరవం ఆయనకు చాలు, ఇతరుల వాటా కలపనక్కర లేదు.

ఆ ఇతరులు అయిదు వందల ఏళ్ళ తరువాత వచ్చారు. ఇటలీలో టారిసెల్లి 1643-44లో గాజు గొట్టంలో పాదరసం నింపి బోర్లించి, దాదాపు 76 సెంటీమీటర్ల ఎత్తున దాన్ని నిలబెట్టేది బయటి గాలి బరువేనని తేల్చారు. ఖాజినీ అంత జాగ్రత్తగా తూచిన ఆ పాదరసమే ఇక్కడ పనికొచ్చింది. 1648లో పాస్కల్ సూచనపై ఆయన బావ పెరియే ఫ్రాన్స్‌లోని పుయ్ ద డోమ్ కొండ ఎక్కి చూస్తే, శిఖరం మీద పాదరసం సుమారు 8 సెంటీమీటర్లు దిగింది. పైకి పోయేకొద్దీ మన మీద ఉన్న గాలి తగ్గుతుందని అలా రుజువైంది. ఎవరెస్టు మీద పీడనం సముద్రమట్టంలో మూడో వంతే.

ఎత్తొక్కటే కారణం కాదు. సముద్రమట్టం దగ్గర సగటు పీడనం 1013 మిల్లీబార్లు. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేవడంతో అక్కడ పీడనం తక్కువ. ఆ గాలి 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర కిందకు దిగుతుంది, అక్కడ పీడనం ఎక్కువ. సహారా, అరేబియా ఎడారులు ఆ పట్టీలోనే ఉన్నాయి. చలికాలంలో సైబీరియా మీద గడ్డకట్టే గాలి పేరుకుపోతుంది. 1968 డిసెంబరు 31న అక్కడి అగాతాలో పీడనాన్ని సముద్రమట్టానికి సరిచేసి లెక్కకడితే 1083.8 మిల్లీబార్లు తేలింది. 1979 అక్టోబరులో పసిఫిక్ సముద్రంలో 'టిప్' తుఫాను నడిబొడ్డున 870కి పడిపోయింది. అందుకే నేటి ప్రమాణ ప్రయోగశాలల్లో సున్నితమైన త్రాసు ఉన్నచోట భారమితి కూడా ఉంటుంది. ఆనాటి గాలి చిక్కదనాన్ని లెక్కకట్టనిదే అసలు బరువు రాయరు.

1221లో మంగోలులు మర్వ్‌ను నేలమట్టం చేశారు. సుల్తాను సంజర్ సమాధి మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. ఖాజినీ గ్రంథం చేతిరాత ప్రతులుగా బతికింది. 19వ శతాబ్దం మధ్యలో రష్యా దౌత్యాధికారి ఖనికోఫ్ దానిలోని భాగాలను పాశ్చాత్యులకు పరిచయం చేశాడు. అరబీ మూలం హిజ్రీ 1359లో, అంటే 1940-41లో, మన హైదరాబాదులోనే అచ్చయింది. ప్రచురించింది 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్. ఆ సంస్థ నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో ఉంది.