సగంలో ఆగిన స్కాలర్‌షిప్
(డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విద్యార్థి జీవితం)

ప్రతి ఏటా ఏప్రిల్ 14న మన హాస్టల్ వరండాలోని బాబాసాహెబ్ ఫోటోకు దండ వేస్తాం. ఆయన రాజ్యాంగం రాశారని, దళితుల హక్కుల కోసం పోరాడారని పెద్దలు మాట్లాడతారు. చప్పట్లు కొడతాం, మిఠాయి తింటాం, రూముల్లోకి వెళ్లిపోతాం. మేమూ ఏళ్ల తరబడి అలాగే చేశాం. పీజీలో చేరిన తర్వాతే ఆ ఫోటోలోని మనిషి కూడా ఒకప్పుడు స్కాలర్‌షిప్ మీద బతికిన పీజీ విద్యార్థి అన్న సంగతి మాకు గుర్తుకొచ్చింది. మాకు ఇప్పుడు 23 ఏళ్లు. ఈ వయసులో ఆయన న్యూయార్క్‌లో చదువుకుంటున్నారు. ఈ సంచికలో ఆ విద్యార్థి గురించే రాయాలనుకున్నాం.

గోనెసంచి మీద చదువు

అంబేద్కర్ గారు 1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టారు. అది ఇప్పటి మధ్యప్రదేశ్‌లో ఉంది. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్. తల్లి భీమాబాయి. వారికి ఈయన పద్నాలుగో సంతానం. సతారా బడిలో మిగతా పిల్లలతో కలిసి కూర్చోనివ్వలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెసంచి పరుచుకుని విడిగా కూర్చునేవారు. దాహమైతే బడి ప్యూన్ పైనుంచి నీళ్లు పోయాలి. ప్యూన్ రాని రోజు నీళ్లు లేవు. ఈ సంగతి మనమందరం పాఠాల్లో చదివిందే.

తర్వాత కుటుంబం బొంబాయి చేరింది. పరేల్‌లో కూలీలు ఉండే చాల్‌లో ఒకే గది. వంట అక్కడే, పడక అక్కడే, చదువూ అక్కడే. అందరూ నిద్రపోయాక తండ్రి అర్ధరాత్రి దాటి రెండు గంటలకు లేపి చదువుకు కూర్చోబెట్టేవారు. 1907లో మెట్రిక్ పాసయ్యారు. అప్పుడు జరిగిన అభినందన సభలో కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుని జీవిత చరిత్రను బహుమతిగా ఇచ్చారు. ఆ గురువు పుస్తకం ఇచ్చి ఊరుకోలేదు. పై చదువుకు డబ్బులేదని తెలిసి బరోడా మహారాజా శాయాజీరావు గైక్వాడ్ గారి దగ్గరకు తీసుకువెళ్లి మాట్లాడారు. నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ డబ్బుతోనే ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో బీఏ పూర్తయింది.

న్యూయార్క్‌లో మూడేళ్లు

1913 ఫిబ్రవరిలో తండ్రి మరణించారు. అదే ఏడాది బరోడా సంస్థానం ఆయనను అమెరికా పంపడానికి ఒప్పుకుంది. మూడేళ్ల పాటు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇస్తారు. చదువు ముగిశాక పదేళ్లు సంస్థానంలో ఉద్యోగం చేయాలి. ఈ షరతుకు ఒప్పుకుని బాండ్ మీద సంతకం చేసి జులైలో న్యూయార్క్‌లో దిగారు. అప్పుడాయన వయసు 22.

కొలంబియా విశ్వవిద్యాలయంలో మొదట హార్ట్‌లీ హాల్ అనే హాస్టల్‌లో ఉన్నారు. అక్కడి తిండి పడలేదు. కొన్నాళ్లకు లివింగ్‌స్టన్ హాల్‌కు మారారు. మెస్ తిండి పడక హాస్టల్ మారిన మన తమ్ముళ్లకు ఇది కొంత ధైర్యం ఇస్తుందేమో! అక్కడే నావల్ భతేనా అనే పార్శీ విద్యార్థి పరిచయమయ్యాడు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. ఎవరి పక్కన కూర్చోవాలి, ఎక్కడ నీళ్లు తాగాలి అన్న భయం లేకుండా ఆయన బతికిన మొదటి చోటు ఆ క్యాంపస్.

వచ్చిన డబ్బులోంచే ఇంటికి కొంత పంపాలి. మిగిలిన దాంట్లో తిండి తగ్గించుకుని పాత పుస్తకాలు కొనేవారు. సుమారు రెండు వేల పుస్తకాలు పోగుచేశారు. 1915లో ఎంఏ పట్టా వచ్చింది. 1916 మే నెలలో భారతదేశంలో కులం ఎలా పుట్టిందన్న దాని మీద ఒక సెమినార్‌లో పత్రం చదివారు. ఆయన గురువు, ఆర్థికశాస్త్రవేత్త సెలిగ్‌మన్, లండన్‌లో ఉన్న తనకు తెలిసిన పెద్దలకు పరిచయ లేఖ రాసి మరీ పంపారు. స్కాలర్‌షిప్, హాస్టల్, లైబ్రరీ, మాట సాయం చేసే గురువు, అండగా నిలిచే స్నేహితుడు. పీజీ విద్యార్థికి కావలసిన ఈ అయిదూ ఆయనకు అక్కడ దొరికాయి.

గడువు ముగిసింది

1916 అక్టోబర్‌లో లండన్ చేరి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, బారిస్టర్ చదువు కోసం గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. పని సగంలో ఉండగానే స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. తిరిగి రమ్మని బరోడా నుంచి పిలుపు వచ్చింది. నాలుగేళ్లలోపు వచ్చి చదువు కొనసాగించుకునేలా విశ్వవిద్యాలయం నుంచి అనుమతి తీసుకుని 1917లో ఓడ ఎక్కారు. సామాను వేరే ఓడలో వేశారు. అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. సామాను ఉన్న ఓడ టార్పెడో దెబ్బకు మునిగిపోయింది. కడుపు మాడ్చుకుని కొన్న పుస్తకాల్లో చాలా భాగం సముద్రం పాలయ్యాయి.

బాండ్ ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరారు. రెండు ఖండాల్లో చదువుకుని వచ్చిన మనిషికి ఆ ఊళ్లో అద్దెకు గది దొరకలేదు. చివరికి పేరు మార్చుకుని పార్శీల సత్రంలో దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని కొందరు వచ్చి సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. తెలిసినవాళ్లను అడిగినా ఎవరూ ఇంట్లో పెట్టుకోలేకపోయారు. రాత్రి రైలు వేళ దాకా కామాఠీ బాగ్ అనే తోటలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఈ సంఘటనను ఆయన ఎన్నో ఏళ్ల తర్వాత స్వయంగా రాసుకున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. అంత తెలివి ఉన్న మనిషి కూడా ఒక గది లేక ఆ ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. అప్పటి బరోడాలో అంటరానివారికి తలదాచుకునే చోటు ఉండి ఉంటే ఆ సాయంత్రం వేరేలా గడిచేది. హాస్టల్ అంటే నాలుగు గోడలు, ఒక ట్రంకు పెట్టె మాత్రమే కాదని మాకు ఈ ఘట్టం చదివినప్పుడు అర్థమైంది.

మళ్లీ లండన్‌కు

1918 నవంబర్‌లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. జీతం నెలకు 450 రూపాయలు. అయినా చాల్ గది వదలలేదు. సంసారాన్ని భార్య రమాబాయి గారు పొదుపుగా నెట్టుకొచ్చారు. మిగిలిన ప్రతి రూపాయీ లండన్ కోసం దాచారు. అదీ చాలలేదు. కొల్హాపూర్ రాజు సాహూ మహరాజ్ కొంత ఇచ్చారు. హాస్టల్ స్నేహితుడు నావల్ భతేనా అయిదు వేల రూపాయలు అప్పు ఇచ్చాడు. 1920లో అనుమతి గడువు దాటకముందే లండన్ చేరుకున్నారు.

పొద్దున్నే బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీకి వెళ్లి మూసేదాకా చదివేవారు. రాత్రి ఆకలికి స్నేహితుడు ఇచ్చిన అప్పడాలే దిక్కు. 1921లో ఎంఎస్సీ వచ్చింది. బారిస్టర్ కూడా అయ్యారు. రూపాయి సమస్య మీద రాసిన డీఎస్సీ సిద్ధాంత గ్రంథాన్ని మాత్రం పరీక్షకులు కొంత మార్చి రాయమన్నారు. అప్పటికి చేతిలో డబ్బు అయిపోయింది. 1923లో బొంబాయి వచ్చి ఇక్కడే తిరగరాసి పంపారు. అదే ఏడాది డిగ్రీ వచ్చింది. కొలంబియా పీహెచ్‌డీ పట్టా చేతికందేసరికి 1927 అయింది. న్యూయార్క్‌లో అడుగుపెట్టిన 14 ఏళ్లకు!

తాను పొందినది పదిమందికి

1924 జులైలో బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. ఆ సభ తొలిరోజుల్లోనే చేపట్టిన పని ఏమిటో తెలుసా? 1925 జనవరిలో షోలాపూర్‌లో ఒక హాస్టల్ తెరవడం. మహద్ చెరువు పోరాటం అప్పటికి ఇంకా రెండేళ్లు ముందుంది. గుడి పోరాటాలు, రౌండ్ టేబుల్ సమావేశాలు, పూనా ఒప్పందం అన్నీ తర్వాతివే. బరోడా సత్రం నుంచి గెంటివేతకు గురైన మనిషి మొదట కట్టింది పిల్లలకు ఒక చూరు.

1942లో వైస్రాయ్ కార్యవర్గంలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ఆ హోదాలో షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల పై చదువుకు ప్రభుత్వం డబ్బు కేటాయించాలని వినతిపత్రం ఇచ్చి పట్టుబట్టారు. ఏటా మూడు లక్షల రూపాయలు సాధించారు. 1944-45లో మొదలైన ఆ పథకమే నేటి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్. మనం ఈపాస్‌లో దరఖాస్తు పెట్టుకునే స్కాలర్‌షిప్‌కు మూలం అక్కడుంది. తనకు అందిన సాయం ఒక రాజు దయ. రాజు పిలిస్తే మధ్యలోనే తిరిగి రావలసి వచ్చింది. తన తర్వాత వచ్చేవారికి అది ప్రభుత్వ బాధ్యతగా ఉండాలని ఆయన చూశారు. మొత్తం ఆయన జీవితంలో మాకు అన్నిటికంటే గొప్పగా కనిపించింది ఇదే.

1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. పగలు ఉద్యోగం చేసుకునే పేదలు చదువుకోవడానికి అక్కడ పొద్దున్నే క్లాసులు నడిచేవి. 1950లో ఔరంగాబాద్‌లో మరో కాలేజీ తెరిచారు. అదే తర్వాత మిలింద్ కాలేజీ అయింది. అప్పుడు ఔరంగాబాద్, మన వరంగల్ రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోనివే. 1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 డిసెంబర్ 6న ఢిల్లీలో కన్నుమూశారు.

మన సంగతి

మాలో చాలామంది తల్లిదండ్రులు ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు, పత్తి బోరాలు మోసినవారు. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేమే. ఏ సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలో, ఏ తేదీ దాటితే సీటు పోతుందో చెప్పేవారు ఇంట్లో లేరు. మాకు పీజీ సీటు వచ్చిన సంవత్సరం డిగ్రీ చదివిన ఒక కాలేజీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని టీసీ, మెమోలు ఆపేశారు. గడువు ఇంకా రెండు రోజులే. మా ముందు బ్యాచ్ అన్న ఒకరు తన జీతంలోంచి బాకీ కట్టి కాగితాలు చేతిలో పెట్టారు. ఆ రోజు ఆయన రాకపోతే మేమూ యార్డులోనే ఉండేవాళ్లం. మాకు దొరికిన నావల్ భతేనా ఆ అన్న.

అందరికీ అలాంటి అన్న దొరకడు. మాతో డిగ్రీ చదివిన వారిలో సీటు వచ్చీ చేరలేని వాళ్లున్నారు. తెలివి తక్కువై కాదు, అడగడానికి మొహమాటపడి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! స్కాలర్‌షిప్ ఆగితే సిగ్గుపడకండి. విశ్వవిద్యాలయంలో ఎస్సీ, ఎస్టీ సెల్ ఉంటుంది, వెళ్లి అడగండి. పీహెచ్‌డీ చేసేవారికి జాతీయ ఫెలోషిప్ ఉంది. విదేశాల్లో చదవాలనుకునేవారికి అంబేద్కర్ పేరునే ఓవర్సీస్ విద్యానిధి ఉంది. ఇవి ఎవరి దయా కాదు. ఒక విద్యార్థి పడిన కష్టం నుంచి పుట్టిన హక్కులు.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు, అక్కలకు ఒక మనవి. ఈ వార్షికోత్సవం రోజున వరండాలో బాబాసాహెబ్ ఫోటో కింద ఒక నోట్‌బుక్ పెడుతున్నాం. ఏ కోర్సు గురించి చెప్పగలరో, ఏ కాగితం పని చేసిపెట్టగలరో, ఎంత సర్దగలరో మీ పేరు, ఊరు రాసి వెళ్లండి. దండతో పాటు ఆ పుస్తకం కూడా ఆయనకు ఇచ్చిన కానుకే. మొదటి పేజీలో మా బ్యాచ్ పేర్లు రాసేశాం.

జై భీమ్!